గార్డు రూమ్‌లో తీసిన హెల్మెట్

మా ముత్తాత నరహరిరావు దేశ్‌ముఖ్ మెదక్ వైపు చాలా ఊళ్ళకు శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టిన మనిషి. మా తాత వేంకటకిషన్‌రావు తాలూకా కచేరీకి వెళ్తే తహసీల్దారు కుర్చీలోంచి లేచి ఎదురొచ్చేవాడని మా ఊరి పెద్దవాళ్ళు చెప్పేవారు. మా నాన్న మాధవరావు కాలానికి లేచేవాళ్ళు లేకుండా పోయారు. ఆయన మాత్రం ఎవరి ముందూ వంగలేదు. నేను ఆ ఇంటికి మిగిలిన ఒకే ఒక్క వారసుణ్ణి. ఒకప్పుడు మా గడికి, అంటే కోటలాంటి మా పాత ఇంటికి, గేటు దగ్గర కాపలావాళ్ళు ఉండేవారు. ఇప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక ఐటీ క్యాంపస్ గేటు దగ్గరి కాపలావాళ్ళకు పెద్దని. సెక్యూరిటీ మేనేజర్ అంటారు. ఇందులో సిగ్గుపడాల్సింది నాకేమీ కనిపించదు. ఏ గేటుకైనా ఒక పద్ధతి ఉండాలి, ఆ పద్ధతి కాపాడేవాడికి ఒక పరువు ఉండాలి.

నేను చెప్పబోయేది కరోనా తర్వాత ఆఫీసులు మళ్ళీ నిండిన ఏడాది సంగతి. ఇంట్లో కూర్చుని పనిచేసిన వాళ్ళందరినీ కంపెనీలు వెనక్కి పిలిచాయి. చందానగర్, కూకట్‌పల్లి, మూసాపేట వైపు నుంచి వచ్చే బండ్లు ఉదయం మా గేటు ముందు నుంచి ఫ్లైఓవర్ కింది దాకా వరుస కట్టేవి. మా గేటుకు రెండు నియమాలు ఉన్నాయి. మొదటిది, హెల్మెట్ లేని బండికి లోపలికి దారి లేదు. నడిపేవారికీ వెనక కూర్చున్నవారికీ ఇద్దరికీ ఉండాలి. చట్టం కూడా అదే చెబుతోంది, మేము కొత్తగా కనిపెట్టింది కాదు. రెండోది నేను పెట్టింది. బూమ్ బ్యారియర్ దగ్గర, అంటే కార్డు చూపిస్తే పైకి లేచే అడ్డుకర్ర దగ్గర, హెల్మెట్ తీసి ముఖం చూపించాలి. కార్డు మీది ఫోటో, ఎదురుగా ఉన్న ముఖం ఒకటేనని గార్డు చూసుకున్నాకే కర్ర లేస్తుంది. అంతకుముందు ఒకసారి ఎవడో మరొకరి కార్డుతో, హెల్మెట్ తీయకుండా లోపలికొచ్చి ల్యాప్‌టాప్‌లు సర్దుకుని పోయాడు. ఆ తర్వాత పెట్టిన నియమం ఇది.

గేటు పనిలో ఉన్నవాడికి హెల్మెట్ గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పెట్టుకోకపోవడానికి మనుషులు చెప్పే కారణాలన్నీ నేను విన్నాను. మెడ నొప్పి, ఎండ, జడలో పూలు, పక్క సందులోనే ఇల్లు, నిన్ననే పోయింది, తమ్ముడు పట్టుకెళ్ళాడు. హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చి గేటుకు నాలుగు గజాల ముందు తలకు పెట్టుకునేవాళ్ళు కొందరు. మోచేతికి గాజులా తొడుక్కుని వచ్చేవాళ్ళు ఇంకొందరు. వాళ్ళకు మా యాదగిరి ఒకటే మాట చెప్పేవాడు.

"అన్నా, మోచేయి పల్గితే సిమెంటు పట్టీ ఏస్తరు. తలకాయకు ఏం ఏస్తరు?"

యాదగిరి మా సీనియర్ గార్డు. సిద్దిపేట అతను. గొంతు గట్టిది, మనసు మెత్తన. ఒక సోమవారం ఉదయం అతని గొంతు నా వాకీటాకీలో వినిపించింది.

"సార్, జర గేటుకాడికి రండి. ఒకాయన హెల్మెట్ తీస్తలేడు."

"పెట్టుకోవడం లేదా?"

"పెట్టుకున్నడు సార్. తీయమంటే తీస్తలేడు. పెట్టుకోమంటే పెట్టుకోనోళ్ళను శానమందిని సూసినం గానీ, గిసుంటోణ్ని గిప్పుడే సూస్తున్న."

వెళ్ళి చూశాను. నల్లటి బండి, నల్లటి హెల్మెట్, అద్దం కిందికి దించి ఉంది. వెనక వరుసంతా హారన్లు. ఒకతను అరుస్తున్నాడు, "ఏంది బ్రో, లోపల ఏమన్న పెట్టి మర్చిపోయినవా?" బండి మీది మనిషి కదలడం లేదు. కార్డు మాత్రం చాచి పట్టుకునే ఉన్నాడు. దొంగ అలా బిగుసుకుపోడు. దొంగకు ముందే జవాబు సిద్ధంగా ఉంటుంది. బండి పక్కన పెట్టించి, అతన్ని నా క్యాబిన్‌కు తీసుకొచ్చాను. కుర్చీలో కూడా హెల్మెట్‌తోనే కూర్చున్నాడు.

"సార్, జర తలుపు ఏస్తరా?"

వేశాను.

"ఆ కెమెరా అటు తిప్పుతరా సార్?"

"కెమెరా తిప్పే అధికారం నాకు లేదు. దానికీ మీకూ మధ్య నిలబడగలను," అని వెళ్ళి నిలబడ్డాను.

అప్పుడు తీశాడు. జుట్టు హెల్మెట్‌తో పాటే వచ్చేసింది. తల నున్నగా ఉంది. చెవుల పైన పలచగా వెంట్రుకలు, నుదుటి అంచున టేపు అంటుకున్న ఎర్రటి గీత. ముప్పై కూడా నిండని ముఖం. హెల్మెట్ లోపల ఆ జుట్టు చిన్న పిట్ట గూడులా ఇరుక్కుని ఉంది.

దీన్ని హెయిర్ ప్యాచ్ అంటారు. సన్నటి వల మీద వెంట్రుకలు అల్లి, అంచులకు టేపు వేసి తలకు అంటిస్తారు. ఇందుకోసమే మాదాపూర్‌లో, కూకట్‌పల్లిలో షాపులున్నాయి. గాలికి ఊడదు, దువ్వుకోవచ్చు. కానీ హెల్మెట్ కింద చెమట పడితే టేపు వదులైపోతుంది, తీసేటప్పుడు లోపలి మెత్త దాన్ని పట్టుకుంటుంది. ఇవన్నీ నాకు ఆ రోజే తెలిశాయి.

అతని పేరు శ్రవణ్. చందానగర్‌లో ఇల్లు, మా క్యాంపస్‌లోనే 'ఏ' టవర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం. కరోనా రోజుల్లో జుట్టంతా రాలిపోయింది. ఇంట్లోంచి పని కాబట్టి ఎవరికీ తెలియలేదు. పెళ్ళిచూపుల ముందు ప్యాచ్ పెట్టించుకున్నాడు. సంబంధం కుదిరింది. అమ్మాయి వాళ్ళది గుంటూరు వైపు కుటుంబం, కేపీహెచ్‌బీ కాలనీలో స్థిరపడ్డారు. తాంబూలాలు ఇంకా మార్చుకోలేదు.

"మరి చెప్పలేదా?"

"మొదటి రోజు చెప్పలే సార్. ఇగ రెండో రోజు ఎట్ల చెప్పాలె? నిన్న ఎందుకు చెప్పలే అంటది."

"అమ్మాయి ఎక్కడ పనిచేస్తుంది?"

తల దించుకున్నాడు. "బీ టవర్ సార్. మన గేటే."

అప్పుడు అర్థమైంది. ఆఫీసుకు పిలిచిన మొదటి వారాల్లో అతను హెల్మెట్ లేకుండానే వచ్చి, వెనక సందులో బండి పెట్టి నడిచి లోపలికి వచ్చేవాడట. ట్రాఫిక్ కెమెరా ఫోటో తీసి చలాన్ ఇంటికి పంపింది. అందులో తల స్పష్టంగా పడింది, అదీ ప్యాచ్‌తో. వాళ్ళమ్మ తిట్టింది. ఆ పైన ఆ సందులో బండ్లు పెట్టనివ్వడం ఆపేశారు. అందుకని హెల్మెట్‌తో గేటుకు వచ్చాడు. వచ్చాక, నలుగురి ముందు తీయాలని గుర్తొచ్చింది.

"సార్, నాకు ఒక్క పర్మిషన్ ఇయ్యండి. పెండ్లయ్యే దాక హెల్మెట్ లేకుండ వస్త. లోపలికి పంపియ్యండి, సాలు."

"కుదరదు."

"నా తల సార్ అది. పల్గితే నాదే పల్గుతది. గవర్నమెంటుకేంది, మీకేంది?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఇంగ్లిషులో అడిగినవాళ్ళూ ఉన్నారు. నిజం చెప్పాలంటే, ఒకరు ఆజ్ఞాపిస్తే చేసే అలవాటు మా ఇంట్లో లేదు. నా తల మీద ఏముండాలో ఇంకొకరు చెప్పడం నాకూ రుచించదు. కానీ మా గేటు ముందే యూటర్న్ ఉంది. వాన పడిన రోజున అక్కడ బండ్లు జారతాయి. అంబులెన్స్ వచ్చేలోపు రోడ్డు మీదికి పరిగెత్తేది మా గార్డులే.

"మీరు పడితే మీ తల ఎవరి ఒళ్ళో ఉంటుందో తెలుసా? యాదగిరి ఒళ్ళో," అన్నాను. "పోయిన వానాకాలం ఒకణ్ణి అలాగే పట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు అన్నం ముట్టలేదు. మీ తల మీ ఒక్కరిది అయితే అతనికి అన్నం ఎందుకు సయించలేదు?"

శ్రవణ్ హెల్మెట్‌లోంచి ప్యాచ్ జాగ్రత్తగా ఊడదీసి రుమాలులో చుట్టుకున్నాడు.

హెల్మెట్ విషయంలో నేను సడలించలేదు. ముఖం చూపించే విషయంలో మాత్రం ఆలోచించాను. ముఖం గార్డు చూస్తే చాలు, వరుసలో ఉన్న వందమంది చూడాలని నియమంలో లేదు. గేటు పక్కనే మా గార్డు రూమ్ ఉంది. అందులో అద్దం ఉంది, తలుపుకు గడియ ఉంది. రోజూ హెల్మెట్‌తో వచ్చి, బండి పక్కన పెట్టి, నేరుగా గార్డు రూమ్‌లోకి వెళ్ళాలి. అక్కడ యాదగిరి ఒక్కడూ ముఖం చూస్తాడు. తర్వాత శ్రవణ్ తన సంచిలోంచి ప్యాచ్ తీసి అంటించుకుని, జుట్టుతో బయటికి వస్తాడు. ఈ సంగతి మా ముగ్గురి మధ్యే ఉంటుందని మాటిచ్చాను. యాదగిరి చేత కూడా ఒట్టు వేయించాను.

"నాకేంది సార్, నేను ఎవలకు చెప్త," అన్నాడు యాదగిరి. తర్వాత శ్రవణ్ వైపు తిరిగి, "మా బామ్మర్దికి గూడ గిదే పరేషాన్. ఎక్కడ ఏయించినవ్ తమ్మీ?" అని అడిగాడు.

ఏర్పాటు బాగానే నడిచింది. నాకు తృప్తిగా కూడా ఉంది. చట్టం చెల్లింది, ఒక మనిషి పరువూ నిలిచింది అనుకున్నాను. అయితే ఒక సంగతి నా లెక్కలోకి రాలేదు. మా క్యాంపస్‌తో పరిచయం లేనివారికి అది తెలియదు కాబట్టి చెబుతాను.

ఉద్యోగుల్ని తీసుకొచ్చే క్యాబ్‌లకు మా క్యాంపస్‌లో వేరే నియమం ఉంది. డ్రైవర్లు ఉదయం బ్రీత్ అనలైజర్‌లో ఊదాలి. తాగారా లేదా చెప్పే చిన్న యంత్రం అది. ఆ యంత్రం ఉండేది గార్డు రూమ్‌లోనే. డ్రైవర్లు తలుపు దగ్గర వరుసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు లోపలికెళ్ళి ఊది వస్తారు. క్యాంపస్‌లో ఆ గదిని అందరూ ఊదుడు రూమ్ అనే పిలుస్తారు. ఉద్యోగుల్లో ఎవరైనా రాత్రి పార్టీ చేసుకుని వచ్చారని అనుమానం వస్తే వాళ్ళనూ ఆ గదిలోకే తీసుకెళ్తాం. కాబట్టి రోజూ ఉదయం బండి దిగి, తల దించుకుని ఊదుడు రూమ్‌లోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, కాసేపటికి ముఖం తుడుచుకుంటూ బయటికొచ్చే ఉద్యోగి గురించి క్యాంపస్ ఏమనుకుంటుందో మీరే ఊహించండి. నేను ఊహించలేదు.

దసరా ముందు ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి నా క్యాబిన్ తలుపు తట్టింది. కాటన్ చుడీదార్, మెడలో బీ టవర్ కార్డు.

"నమస్తే అండి. నా పేరు హారిక. మీరే సెక్యూరిటీ హెడ్ కదండీ? ఒక్క విషయం అడగాలి. నిజం చెప్పాలి."

"కూర్చోండమ్మా. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు."

"శ్రవణ్ గారితో రోజూ ఊదిస్తున్నారా?"

నేను ముందు లేచి తలుపు మూశాను. ఆ అమ్మాయి అదే జవాబు అనుకుంది.

"మా క్యాబ్ డ్రైవర్ చెప్పాడండి. 'మేడం, ఆ సారు గూడ రోజూ ఊదుడు రూమ్‌లకు పోతడు, మాకంటే ఎక్కువసేపు ఉంటడు లోపల' అని. వారం రోజులు నేను కూడా ముందొచ్చి చూశాను. నిజమే. రోజూ వెళ్తున్నాడు. అంటే రోజూ తాగి వస్తున్నట్టేగా?"

"లేదమ్మా. ఆయన తాగడు. ఆ యంత్రం ఆయన ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."

"మరి ఆ గదిలో రోజూ ఏం పనండీ?"

"అది నేను చెప్పేది కాదు. మాటిచ్చాను."

"అంటే ఏదో ఉందన్నమాటే కదండీ!" ఆమె గొంతు పెరిగింది. వెంటనే తగ్గించుకుంది. "కోప్పడుతున్నానని అనుకోకండి. మా బాబాయి తాగుబోతు. మా పిన్ని ఎన్నిసార్లు పిల్లల్ని ఎత్తుకుని మా ఇంటికి వచ్చిందో నేను చూశాను. తాగేవాడైతే నాకొద్దు. ఎంత మంచివాడైనా వద్దు. మా నాన్నగారికి చెప్పేశాను. ఈ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి సంబంధం వద్దని చెప్పి వస్తానంటున్నారు. వెళ్ళేలోపు ఒకసారి మిమ్మల్ని అడుగుదామని వచ్చాను."

"నేను చెబుతున్నాను కదమ్మా, తాగడని. మా వంశంలో మాటకు..."

"మీ మాట మీద నాకు గౌరవం ఉందండి. కానీ కాపురం మీ మాటతో చేయలేను కదా."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. నేను చెప్పిన మాట ఒకరు ఎదురుగా కూర్చుని నమ్మకపోవడం నాకు కొత్త. అయినా ఆమె మీద కోపం రాలేదు. ఆమె అడిగినది న్యాయంగానే ఉంది.

శ్రవణ్‌ను పిలిపించి జరిగింది చెప్పాను. అతను గోడకు చేరగిలబడ్డాడు.

"తాగుబోతునా? నేనా? సార్, నేను టీ గూడ బంద్ చేసిన, పెండ్లి దాక మొఖం మీద మొటిమలు రావద్దని!"

"ఆ మాట ఆమెతో చెప్పండి."

"మీరే గట్టిగ చెప్పండి సార్, తాగడని."

"చెప్పాను. నమ్మలేదు."

"అయితే ఇంకోసారి..."

"శ్రవణ్, గార్డు రూమ్‌కు ఎందుకు వెళ్తున్నారో చెప్పకుండా ఎన్నిసార్లు చెప్పినా అది అబద్ధంలాగే వినిపిస్తుంది. రోజూ ఆ గదిలోకి వెళ్ళడానికి రెండే కారణాలు ఉన్నాయని ఆమెకు తెలుసు. ఒకటి డ్రైవర్ కావడం, రెండోది తాగి ఉండడం. మూడో కారణం మీరు చూపించాలి."

"చూపిస్తే పెండ్లి పోతది."

"చూపించకపోతే ఆదివారం ఎలాగూ పోతుంది. అదీ తాగుబోతనే పేరుతో. మీ అమ్మగారు ఆ పేరు మోయాలి."

జేబులోంచి ఫోన్ తీశాడు. తర్వాత, "ఆమెకు ఫోన్ చేసి చెప్పనా సార్, లేకుంటే మెసేజ్ పెట్టనా?" అన్నాడు.

"మెసేజ్ నమ్మదు. ఆమె కళ్ళతో చూసింది, కళ్ళతోనే నమ్ముతుంది."

మర్నాడు ఉదయం నేను గేటు దగ్గరే నిలబడ్డాను. హారిక క్యాబ్ దిగి, లోపలికి వెళ్ళకుండా మహిళల వరుస పక్కన ఆగింది. రమ్మని శ్రవణే చెప్పాడట. కాసేపటికి నల్ల బండి వచ్చింది. అలవాటుగా యాదగిరి గార్డు రూమ్ తలుపు తెరిచాడు. శ్రవణ్ అటు చూడలేదు. వరుసలోనే వచ్చి బ్యారియర్ దగ్గర ఆగాడు. కార్డు చాచాడు. ఇంకో చేత్తో హెల్మెట్ తీశాడు. ఆ రోజు ప్యాచ్ తేలేదు, సంచి కూడా లేదు.

వెనక ఎవరో ఈల వేశారు. ఇంకెవరో నవ్వారు. యాదగిరి గొంతు గేటంతా మోగింది.

"ఎవడ్రా నవ్వేది? ఈయన హెల్మెట్ పెట్టుకొని వచ్చిండు. నీది హ్యాండిల్‌కు ఏలాడుతుంది. బండి పక్కకు పెట్టు ముందు!"

కార్డు మీది ఫోటోలో నిండుగా జుట్టు ఉంది. ఎదురుగా లేదు. యాదగిరి ఫోటో చూశాడు, ముఖం చూశాడు, చెయ్యి ఎత్తి సెల్యూట్ చేసి కర్ర లేపాడు. శ్రవణ్ లోపలికొచ్చి బండి ఆపాడు. హారిక అతని దగ్గరికి వెళ్ళింది. నేను దూరంగా ఉండాల్సింది. కానీ గేటు నా బాధ్యత, కదల్లేదు.

"దీనికోసమా రోజూ ఆ గదిలోకి?" అంది.

"ఆ."

"మందు కాదా?"

"తల్లి మీద ఒట్టు, కాదు."

ఆమె అతని తలకేసి చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఈ తలకోసం మా నాన్నకు బీపీ తెప్పించారు మీరు. వారం రోజులు నేను నిద్రపోలేదు. జుట్టు లేకపోవడం ఏమీ కాదండి. చెప్పకపోవడం ఉంది చూడండి, అది చాలా పెద్దది."

"తప్పయింది."

"ఆదివారం మా నాన్నగారు మీ ఇంటికి రారు. మీరే మా ఇంటికి రావాలి. ఇలాగే రావాలి," అని తల వైపు చెయ్యి చూపించింది. "ఆయన ఏమంటే అది."

ఏమన్నారో తర్వాత ఆయనే నాకు చెప్పారు. ఆయన పేరు సుబ్బారావు, ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆ ఆదివారం తర్వాత ఒక రోజు నా క్యాబిన్‌కు వచ్చి, నిజంగా ఈ అబ్బాయి ఎప్పుడూ ఊదలేదా అని అడిగారు. లేదన్నాను. "మేము సంబంధం చూసేటప్పుడు జుట్టు అడగలేదండీ. ఉద్యోగం అడిగాం, అలవాట్లు అడిగాం. అడగనిదాని గురించి అబద్ధమాడాడు చూడండి, అదే నాకు కొరుకుడుపడలేదు," అన్నారు. తాంబూలాలు వెంటనే కాలేదు. కొన్ని నెలలు ఆగారు. ఆ నెలల్లో శ్రవణ్ రోజూ అందరిలాగే వరుసలో వచ్చి, అందరిలాగే హెల్మెట్ తీశాడు. మొదటి వారం కొందరు చూశారు. తర్వాత ఎవరూ చూడలేదు.

నేను గేటు పద్ధతి మార్చాను. బ్యారియర్ పక్కన అడ్డు తెర వేయించి చిన్న బూత్ కట్టించాను. హెల్మెట్ నలుగురిలో తీయలేనివారు అందులోకి వెళ్ళి గార్డుకు ముఖం చూపిస్తే చాలు, కారణం అడగకూడదు. మహిళలకు మహిళా గార్డు ఉంటుంది. బ్రీత్ అనలైజర్‌ను క్యాబ్ స్టాండ్ దగ్గరికి మార్పించాను. బూత్ ఒక్క శ్రవణ్‌లాంటి వాళ్ళకే పనికొస్తుందనుకున్నాను. వచ్చినవాళ్ళను చూశాక తెలిసింది. క్యాన్సర్ మందులతో జుట్టు పోయిన ఒక ఆవిడ, అన్నాళ్ళూ స్కూటీ ఇంట్లో పెట్టి ఆటోలో వచ్చేదట. తలకు కుట్లు పడిన ఒకతను. ముఖం మీద కాలిన మచ్చ ఉన్న ఒకమ్మాయి. వీళ్ళందరికీ ఇబ్బంది హెల్మెట్‌తో కాదు, తీయడంతో.

ఈ సంగతి విన్న ఒకరిద్దరు మిత్రులు నాతో వాదించారు. చూశావా, తప్పనిసరి అంటే ఇలాంటి తలనొప్పులే వస్తాయి, ఎవరిష్టానికి వాళ్ళను వదిలేయొచ్చు కదా అని. నేను ఒప్పుకోను. శ్రవణ్ చదువుకున్నవాడు, బుద్ధిమంతుడు, హెల్మెట్ ఎందుకో అతనికి తెలియక కాదు. తెలిసి కూడా, ఒక గుప్పెడు వెంట్రుకల కోసం, చందానగర్ నుంచి హైటెక్ సిటీ దాకా లారీల మధ్య ఉత్త తలతో వచ్చాడు. ఇష్టానికి వదిలేసి ఉంటే పెళ్ళిదాకా అలాగే వచ్చేవాడు. నేను ఇన్నేళ్ళలో చూసింది ఇదే. చావుకు భయపడి హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు తక్కువ. చెదిరే జుట్టు, నలిగే పూలు, పక్కవాడి నవ్వు, ఇలాంటి చిన్నచిన్న వాటి ముందు ఆ భయం నిలబడదు. వాటికి ఎదురు నిలబడగలిగింది చట్టమే. నవ్వేవాడికి చెప్పడానికి ఒక జవాబు దొరుకుతుంది, ఏం చేస్తాం, రూలు అని. అయితే ఆ చట్టాన్ని గేటు దగ్గర అమలు చేసే మాలాంటివాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. తల మీద ఏముండాలో చెప్పే అధికారం మాకు ఉంది. తల మీద ఏం లేదో నలుగురికీ చూపించే అధికారం మాకు లేదు.

పెళ్ళి కూకట్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాల్‌లో జరిగింది. నన్ను పిలిచారు, వెళ్ళాను. బరాత్‌కు ముందు శ్రవణ్ వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చింది.

"సారూ, మీ ఇండ్లల్ల పగిడీలు కట్టే అలవాటు ఉండెనట. మా పిలగానికి మీ చేతుల మీద కట్టుండ్రి."

కట్టాను. నున్నటి తలకు జరీ బట్ట పట్టు దొరకదు, జారుతుంది. లోపల తడిగుడ్డ ఒక చుట్టు వేసి, దాని మీద బిగించాలి. "గట్టిగ కట్టండి సార్, డ్యాన్సు ఉన్నది," అన్నాడు శ్రవణ్. పక్కన నిలబడి చూస్తున్న సుబ్బారావు గారు పగిడీ అటూ ఇటూ పరీక్షించి, "చాలా బాగుందండీ. ముందువైపు ఒక తురాయి పడితే నిండుగా ఉండేది. మీలాంటి ఇళ్ళల్లో పాతవి ఉంటాయి కదండీ?" అన్నారు.

"ఉండేదండీ," అన్నాను. ఆ సంగతి అంతవరకూ నేను బయటివాళ్ళతో అనలేదు. "పచ్చలు పొదిగింది. మా తాత దర్బారుకు పెట్టుకెళ్ళేవారు. నేను కాలేజీలో చేరిన ఏడాది మా నాన్న నా ఫీజుల కోసం చార్‌కమాన్ నగల బజారులో అమ్మేశారు."